మట్టి తానే వేసే లెక్క: జపాన్ సమకాలీన సెరామిక్ శిల్పాల్లో ప్రకృతి, గణితం

ఒక మీటరు పొడవున్న పచ్చి పింగాణీ శిల్పాన్ని ఆరబెట్టి బట్టీలో కాలిస్తే, బయటికి వచ్చేసరికి అది దాదాపు 85 సెంటీమీటర్లే ఉండవచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 15 శాతం చొప్పున తగ్గితే ఘనపరిమాణం ఎంతవుతుంది? 0.85ను మూడుసార్లు గుణిస్తే 0.61 వస్తుంది. అంటే శిల్పి చేతులు మలిచిన రూపంలో ఐదింట రెండు వంతులు కాలే లోపే మాయమవుతుంది.

ఇది అన్ని వైపులా సమానంగా జరిగితే పెద్ద చిక్కేమీ లేదు. రూపం చిన్నదవుతుంది, అంతే. కానీ అలా జరగదు. పలుచని అంచు ముందు ఆరుతుంది, మందమైన అడుగు ఆలస్యంగా ఆరుతుంది. బట్టీలో పైభాగం స్వేచ్ఛగా కుంచించుకుంటుంది. అడుగుభాగం మాత్రం తాను కూర్చున్న పలకతో రాపిడి పడుతూ వెనకబడుతుంది. ఈ తేడాల వల్లే మట్టి వంగుతుంది, మెలితిరుగుతుంది, పగులుతుంది.

జపాన్ సమకాలీన సెరామిక్ శిల్పులు ఇలాంటి మట్టితోనే అలలను, గాలికి ఎగిరే వస్త్రం లాంటి రూపాలను, కత్తి అంచులంత పదునైన వంపులను చేస్తున్నారు. ప్రదర్శనశాలల్లో వీటి గురించి చెప్పేటప్పుడు ‘ప్రకృతి, గణితం స్ఫూర్తిగా’ అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాట నిజమే, కానీ సగమే చెబుతుంది. ఈ శిల్పాల్లో మేలైనవి ప్రకృతిలోని రూపాన్ని చూసి దించినవి కావు. ఆకు, గవ్వ, రాయి ఏ నియమాల వల్ల ఆ రూపం పొందుతాయో, అవే నియమాలను మట్టిలో పనిచేయనిచ్చినవి. ఆ నియమాలేమిటో తెలిస్తే శిల్పాన్ని చూసే చూపే మారుతుంది.

పాత్ర నుంచి శిల్పానికి

జపాన్‌లో మట్టి పనికి వేల ఏళ్ల చరిత్ర ఉంది. అయితే అందులో ఎక్కువ భాగం పాత్రల చరిత్రే: తేనీటి గిన్నెలు, పూల కూజాలు, నీటి జాడీలు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఈ పద్ధతిని కొందరు యువకులు ప్రశ్నించారు. 1948లో క్యోటోలో ‘సోదేషా’ అనే బృందం ఏర్పడింది. దాని స్థాపకుల్లో ఒకరైన యాగి కజువో 1954లో ‘సంసా గారి నడక’ అనే శిల్పాన్ని చేశారు. (జపాన్ ఆచారం ప్రకారం ఇంటిపేరు ముందు వస్తుంది, ఈ వ్యాసంలోనూ అదే పద్ధతి.) కాఫ్కా కథలో పురుగుగా మారిపోయిన పాత్ర పేరు సంసా. నిలువుగా నిలబెట్టిన ఒక చక్రం, దాని చుట్టూ కాళ్లలా పొడుచుకొచ్చిన చిన్న గొట్టాలు. అందులో నీళ్లు పోయలేం, పూలు పెట్టలేం. మట్టి వస్తువుకు ఉపయోగం ఉండి తీరాలన్న నియమాన్ని ఆ శిల్పం పక్కన పెట్టింది.

ఉపయోగం అన్న షరతు తొలగడంతో మరో ప్రశ్న ముందుకు వచ్చింది. గిన్నె గిన్నెలా ఎందుకు ఉంటుందో చెప్పడం తేలిక: అందులో అన్నమో నీళ్లో నిలవాలి. దేనినీ నిలపనక్కర లేని మట్టి ఏ రూపంలో ఉండాలి? తర్వాతి తరాల శిల్పుల్లో పలువురు ఈ ప్రశ్నకు జవాబును మట్టి స్వభావంలోనే వెతికారు. అందువల్ల ముందుగా ఆ స్వభావాన్ని తెలుసుకోవాలి.

మట్టి ఎందుకు కుంచించుకుంటుంది?

బంకమట్టిని శక్తిమంతమైన సూక్ష్మదర్శిని కింద చూస్తే చిన్న చిన్న పలకలు కనిపిస్తాయి. వాటి వెడల్పు సుమారు ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తడిగా ఉన్నప్పుడు పలకల మధ్య పలుచని నీటి పొరలు ఉంటాయి. ఒక పలక మరో పలక మీద జారగలుగుతుంది కాబట్టే మట్టిని ఎలా నొక్కితే అలా మలచవచ్చు. నీరు ఆవిరవుతున్న కొద్దీ మిగిలిన నీటి తలతన్యత పలకలను దగ్గరికి లాగుతుంది. అవి ఒకదానికొకటి ఆనుకునే వరకు మట్టి కుంచించుకుంటూనే ఉంటుంది.

బట్టీలో రెండో దశ మొదలవుతుంది. పింగాణీ మిశ్రమంలో ప్రధానంగా మూడు పదార్థాలు ఉంటాయి: కయొలిన్ అనే తెల్ల బంకమట్టి, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్. చివరి రెండూ తెలుగు నేలకు పరిచితమైనవే. గూడూరు ప్రాంతపు అభ్రకం గనుల్లో అవి అభ్రకం పక్కనే దొరుకుతాయి. సుమారు 450 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ మధ్య కయొలిన్ తన అణు నిర్మాణంలో బంధించి ఉన్న నీటిని కూడా కోల్పోతుంది. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటిక నిర్మాణం మారి దాని పరిమాణం ఒక్కసారిగా పెరుగుతుంది. చల్లారేటప్పుడు అదే ఉష్ణోగ్రత దగ్గర తిరిగి తగ్గుతుంది. అక్కడ తొందరపడితే శిల్పం పగులుతుంది. 1,100 డిగ్రీలు దాటాక ఫెల్డ్‌స్పార్ కరిగి చిక్కని గాజు ద్రవంగా మారుతుంది. ఆ ద్రవపు తలతన్యత రేణువుల మధ్య ఖాళీలను మూసేస్తుంది. 1,250 నుంచి 1,300 డిగ్రీల ప్రాంతంలో పింగాణీ గట్టిపడి, పలుచగా ఉన్నచోట వెలుతురును కూడా రానిచ్చే పదార్థంగా తయారవుతుంది.

అన్ని మట్లూ ఒకేలా కుంచించుకోవు. షిగరాకి ప్రాంతపు మట్టి ప్రాచీన బివా సరస్సు అడుగున పేరుకున్నది. అందులో ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ ముతక రేణువులు ఎక్కువ. ఆ రేణువులు ఆరేటప్పుడు కుంచించుకోవు, పైగా పగులు పాకకుండా అడ్డుపడతాయి. పెద్ద శిల్పాలకు షిగరాకి మట్టి అనువుగా ఉండటానికి ఇదొక కారణం.

ఎండలో పెట్టిన అప్పడం అంచులు పైకి లేవడం చాలామంది చూసే ఉంటారు. పైభాగం ముందు ఆరి కుంచించుకుంటుంది, అడుగు ఇంకా తడిగానే ఉంటుంది. రెండు పొరల పొడవుల్లో తేడా వచ్చేసరికి అప్పడం వంగక తప్పదు. మట్టి పలకలోనూ జరిగేది ఇదే. కుమ్మరికి ఇది తలనొప్పి. కానీ ఇందులో ఒక గణిత సూత్రం దాగి ఉంది: ఒక పలకలోని వేర్వేరు భాగాల పొడవులు మారితే ఆ పలక ఆకారమే మారుతుంది.

అంచు పెరిగితే అలలు పుడతాయి

1827లో జర్మన్ గణిత శాస్త్రవేత్త గౌస్ ఒక గొప్ప సిద్ధాంతాన్ని నిరూపించాడు. ఒక ఉపరితలం వక్రతను తెలుసుకోవడానికి బయటి నుంచి చూడనక్కర లేదు, ఆ ఉపరితలం మీదే దూరాలు కొలిస్తే చాలు అన్నది దాని సారాంశం. కాగితాన్ని గొట్టంలా చుట్టవచ్చు. దాని మీది దూరాలేవీ మారవు. కానీ అదే కాగితంతో బంతిని ముడతలు లేకుండా కప్పలేం. దాన్ని తిరగేసి చూస్తే, ఉపరితలం మీది దూరాలను మార్చగలిగితే ఆకారాన్ని కూడా మార్చవచ్చు.

ఒక చదునైన వృత్తాన్ని ఊహించుకోండి. కేంద్రం నుంచి దూరం పెరిగే కొద్దీ చుట్టుకొలత ఒక నిర్దిష్ట లెక్కలో పెరగాలి. అంచు అంతకంటే తక్కువ పెరిగితే వృత్తం గిన్నెలా ముడుచుకుంటుంది. అంతకంటే ఎక్కువ పెరిగితే ఆ అదనపు పొడవుకు చోటు చాలక అంచు పైకీ కిందికీ అలలా మడతలు పడుతుంది. ఇలా గుర్రపు జీనులా రెండు వైపులా వంగిన తలాన్ని రుణ వక్రత ఉన్న తలం అంటారు. లెట్యూస్ ఆకు అంచు, బంతిపువ్వు రేకులు, కొన్ని పగడాలు ఇందుకు ఉదాహరణలు. 1997లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణిత శాస్త్రవేత్త డైనా తైమిన్యా ఇలాంటి తలాన్ని ఊలుతో అల్లి చూపించారు. వరుస వరుసకూ కుట్ల సంఖ్యను ఒకే నిష్పత్తిలో పెంచుతూ పోవడమే ఆమె చేసింది.

ఇంట్లోనే చేసి చూడదగిన ప్రయోగం ఒకటి ఉంది. పలుచని పాలిథిన్ సంచిని నెమ్మదిగా చింపితే చిరిగిన అంచు సాగి శాశ్వతంగా పొడవవుతుంది. వెంటనే ఆ అంచున అలలు, అలల మీద మరింత చిన్న అలలు కనిపిస్తాయి. ఇజ్రాయెల్ భౌతిక శాస్త్రవేత్త ఎరాన్ షారోన్, సహచరులు 2002లో ఈ చిరిగిన అంచులనే పరిశోధించి ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. 2007లో షారోన్ బృందం మరో అడుగు వేసింది. వేడి చేస్తే కుంచించుకునే జెల్ బిళ్లలను తయారుచేసి, కేంద్రం నుంచి అంచుకు కుంచించుకునే మోతాదు మారేలా చూసింది. అంచు ఎక్కువ కుంచించుకున్న బిళ్లలు గిన్నెలయ్యాయి, తక్కువ కుంచించుకున్నవి అలల అంచులతో పువ్వుల్లా విచ్చుకున్నాయి. ఎవరూ వాటిని చేత్తో వంచలేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న భారత సంతతి శాస్త్రవేత్త ఎల్. మహదేవన్, సహ పరిశోధకుడు హైయీ లియాంగ్‌తో కలిసి పొడవైన ఆకుల అంచులు ఎందుకు అలలు తిరుగుతాయో 2009లో, లిల్లీ మొగ్గ ఎలా విచ్చుకుంటుందో 2011లో ఇదే దారిలో వివరించారు. రెండింటిలోనూ కీలకం అంచు మధ్యభాగం కంటే ఎక్కువగా పెరగడమే.

ఇప్పుడు 1980లో పుట్టిన ఫుజికాసా సతోకో శిల్పాలను చూద్దాం. మట్టిని తాళ్లలా చేసి ఒకదాని మీద ఒకటి పేర్చి అతికిస్తూ ఆమె పలుచని, అలలు తిరిగే గోడలను కడతారు. గాలి, నీటి ప్రవాహం ఆమెకు ఇష్టమైన అంశాలు. తెల్లని మెరుపులేని ఉపరితలం మీద వెలుగునీడలు జారిపోతుంటే మట్టి కదులుతున్నట్టే అనిపిస్తుంది. మట్టి తాళ్లతో కట్టే పద్ధతిని గణితం దృష్టితో చూస్తే అది ఊలు అల్లికకు దగ్గర బంధువు. ప్రతి వరుసలో తాడు ఎంత పొడవుండాలో నిర్ణయించేది చేయి. కింది వరుస కంటే లెక్కకు మించి పొడవు చేరిస్తే అంచు అలలు తిరగక తప్పదు. ఆకు కణాలు ఎదుగుదలతో చేసే పనిని ఇక్కడ వేళ్లు చేస్తాయి.

తాటాకు మడతలో ఉన్న బలం

వంపు అందం కోసమే కాదు, నిలబడటం కోసం కూడా. చదునైన కాగితాన్ని ఒక చివర పట్టుకుంటే వాలిపోతుంది. మధ్యలో కాస్త మడిచి పట్టుకుంటే నిటారుగా నిలుస్తుంది. ఒక దిశలో వంగి ఉన్న తలం మరో దిశలో వంగాలంటే సాగక తప్పదు, సాగడానికి చాలా బలం కావాలి. ఇది కూడా గౌస్ సిద్ధాంతం పర్యవసానమే. తాటాకు పలుచగా ఉన్నా గాలికి తట్టుకోవడానికి కారణం దాని మడతలు. ఇళ్ల పైకప్పులకు వేసే ముడతల రేకుల రహస్యమూ అదే.

1958లో పుట్టి, ఇజు ద్వీపకల్పంలో పనిచేసే సకియామా తకయుకి చేసే ‘అలలను ఆలకిస్తూ’ అనే శిల్పశ్రేణిలో ఈ సూత్రాన్ని కళ్లారా చూడవచ్చు. అవి రెండు గోడల పాత్రలు. బయటి గోడ లోపలికి మళ్లి లోపలి గోడ అవుతుంది. ఉపరితలమంతా సమాంతరంగా, మెలితిరుగుతూ పోయే గాళ్లు. ఇసుక లాంటి గరుకు పూత. సముద్రం వెనక్కి తగ్గాక తీరం మీద మిగిలిన ఇసుక చారలు గుర్తుకొస్తాయి. మెలికలు, మడతలు, రెండు గోడల కలయిక ఉన్న రూపం అదే మందం గల చదును గోడ కంటే ఎంతో గట్టిగా నిలుస్తుంది.

ఒత్తిడి, సమయం, వర్గమూలం

పింగాణీని చేత్తో మలచడం కష్టం. దానికి జిగురు తక్కువ. అందుకే చాలాచోట్ల అచ్చు పోసే పద్ధతి వాడతారు. మట్టిని నీటిలో కలిపి చిక్కని పాల లాంటి ద్రావణం చేసి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులో పోస్తారు. ప్లాస్టర్‌లోని సూక్ష్మ రంధ్రాలు నీటిని పీల్చుకుంటాయి, అచ్చు గోడకు మట్టి పొర పట్టుకుంటుంది.

ఆ పొర ఎంత వేగంగా మందమవుతుంది? మొదట త్వరగా, తర్వాత నెమ్మదిగా. నీరు అచ్చును చేరాలంటే అప్పటికే ఏర్పడిన పొరను దాటాలి. పొర మందం పెరిగే కొద్దీ దారి కష్టమవుతుంది. అందువల్ల మందం సమయపు వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. ఉదాహరణకు 3 మిల్లీమీటర్ల పొరకు 10 నిమిషాలు పడితే, 6 మిల్లీమీటర్లకు 20 కాదు, 40 నిమిషాలు కావాలి. ద్రావణాన్ని ఒత్తిడితో నెడితే ఈ పని వేగం పుంజుకుంటుంది. పైగా పొర దట్టంగా ఏర్పడుతుంది.

1947లో క్యోటోలో పుట్టిన ఫుకామి సుయెహారు పేరు పొందింది ఈ ఒత్తిడి పద్ధతితోనే. కంప్రెసర్ సాయంతో పింగాణీ ద్రావణాన్ని అచ్చులోకి నెట్టి ఆయన పొడవైన, కత్తి అలుగులాంటి రూపాలు చేస్తారు. 1985లో ఇటలీలోని ఫయెంజా అంతర్జాతీయ సెరామిక్ పోటీలో అత్యున్నత బహుమతి అందుకున్నారు. ఆయన శిల్పాల మీది లేత నీలం రంగు కూడా రసాయన శాస్త్రమే. గ్లేజ్ అనే గాజు పూతలో అతి కొద్దిగా ఇనుము ఉంటుంది. బట్టీలో ఆక్సిజన్ కొరత కల్పించి కాలిస్తే ఆ ఇనుము క్షయకరణం చెంది నీలి ఛాయనిస్తుంది. కరిగిన పూత పదునైన అంచు దగ్గర పలుచబడి తెల్లగా, పల్లంలో చేరి మరింత నీలంగా కనిపిస్తుంది. అంచు వెంట మెరిసే ఆ తెల్లని గీతను ఎవరూ గీయలేదు. ద్రవానికి ఉన్న తలతన్యత, బరువు కలిసి గీశాయి.

గురుత్వాకర్షణ గీసే వంపు

బట్టీలో గరిష్ఠ ఉష్ణోగ్రత దగ్గర పింగాణీలో కొంత భాగం గాజు ద్రవమే. అప్పుడది సొంత బరువుకే కుంగుతుంది. రెండు వైపులా ఆధారం ఉన్న పింగాణీ పట్టీ మధ్యలో ఎంత కుంగుతుందో చెప్పే ఒక సరళ సూత్రాన్ని సెరామిక్ ఇంజనీర్లు వాడతారు: కుంగుదల ఆధారాల మధ్య దూరపు నాలుగో ఘాతానికి అనులోమం, మందపు వర్గానికి విలోమం. దూరాన్ని రెట్టింపు చేస్తే కుంగుదల 16 రెట్లు. మందాన్ని సగం చేస్తే 4 రెట్లు. రెండూ కలిస్తే 64 రెట్లు. పలుచని పెద్ద పింగాణీ రూపం చేయడం ఎందుకంత కష్టమో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

పింగాణీ పరిశ్రమకు పేరుబడ్డ సెతో పట్టణానికి చెందిన నగాయె షిగెకజు (జననం 1953) ఈ కష్టాన్నే తన పనిముట్టుగా మార్చుకున్నారు. అచ్చులో పోసిన పలుచని పింగాణీ పలకలను కలిపి, బట్టీలో వేలాడదీసి, వేడికీ గురుత్వాకర్షణకూ లోబడి అవే వంగేలా వదిలేస్తారు. కాగితాలు గాలికి విచ్చుకున్నట్టు ఒకదాని వెంట ఒకటి సాగే ఆ వంపులు బట్టీ తలుపు మూసుకున్నాక పుట్టినవి. దండెం మీద వేలాడే తీగ వంపు సమీకరణాన్ని 1691లో హైగెన్స్, లైబ్నిజ్, యోహాన్ బెర్నూలి కనుగొన్నారు. పింగాణీ పలకకు వంగడాన్ని నిరోధించే గుణం కూడా ఉంటుంది కాబట్టి దాని వంపు సరిగ్గా అదే కాదు. అయినా రెండింటి వెనుకా ఉన్నది ఒకే విషయం: ప్రతి బిందువు దగ్గరా బరువు, బిగువు ఒక ఒప్పందానికి రావడం.

ఇక్కడ శిల్పి చేతిలో ఉన్నది తుది రూపం కాదు, తొలి షరతులు మాత్రమే. ఎంత పొడవు, ఎంత మందం, ఎక్కడ ఆధారం, ఎంత వేడి, ఎంతసేపు అన్నవే. భౌతిక శాస్త్రంలో ఒక సమీకరణానికి ప్రారంభ స్థితులు ఇచ్చి ఫలితం కోసం చూడటానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

పగుళ్ల జ్యామితి

ఎండిన చెరువు అడుగున మట్టి పగుళ్లను గమనిస్తే, కొత్త పగులు పాత పగులును చాలావరకు లంబంగా, అంటే 90 డిగ్రీల కోణంలో కలుస్తుంది. పగులు ఏర్పడగానే దాని అంచు దగ్గర ఆ పగులుకు లంబ దిశలో ఉన్న బిగువు సడలిపోతుంది. మిగిలేది దాని వెంబడి ఉన్న బిగువే. కొత్త పగులు ఆ బిగువును తెంచే దిశలో సాగి పాతదాన్ని నిలువుగా తాకుతుంది. తడవడం, ఎండటం మళ్లీ మళ్లీ జరిగితే మాత్రం కూడళ్లు నెమ్మదిగా 120 డిగ్రీలకు, ఆరు భుజాల గడులకు దగ్గరవుతాయి.

లావా చల్లారినప్పుడూ ఇలాగే జరుగుతుంది. పగుళ్లు పైనుంచి లోపలికి అంచెలంచెలుగా పాకుతూ, ప్రతి అంచెలో తమను తాము సరిదిద్దుకుంటూ షడ్భుజాకార స్తంభాలుగా స్థిరపడతాయి. ముంబయి అంధేరీలోని గిల్బర్ట్ హిల్ అలా ఏర్పడ్డదే. జపాన్‌లో హ్యోగో ప్రాంతపు గెన్‌బుదో గుహ ఇలాంటి స్తంభాలకు ప్రసిద్ధి. అక్కడి బసాల్టును 1926లో పరీక్షించిన మతుయామా మోతోనోరి, భూమి అయస్కాంత ధ్రువాలు గతంలో తారుమారయ్యాయన్న నిర్ణయానికి ఆధారాలు సేకరించారు.

కుండ మీద పగులు కనిపిస్తే దాన్ని పారేయడం మామూలు. యాగి కజువో శిష్యుడు, 1953లో పుట్టిన అకియామా యో మాత్రం పగులునే భాషగా చేసుకున్నారు. మందపాటి మట్టి పైభాగాన్ని గ్యాస్ బర్నర్ మంటతో త్వరగా ఆరబెట్టి, లోపలి తడి మట్టిని సాగదీస్తారు. ఆరిన పైపొర సాగలేదు కాబట్టి చీలిపోతుంది. పొరలు పొరలుగా చీలిన ఆ నల్లని రూపాలు భూమి పైపొరను కోసి చూపినట్టు ఉంటాయి. భూగర్భంలో రాతిపొరలు చీలేటప్పుడు పనిచేసే తర్కమే ఇక్కడా పనిచేస్తుంది: గట్టి పెళుసు పొర, దాని కింద సాగే పొర.

గ్లేజ్‌కూ తన పగుళ్లున్నాయి. చల్లారేటప్పుడు గ్లేజ్ కింద ఉన్న మట్టి కంటే ఎక్కువ కుంచించుకుంటే బిగువు తట్టుకోలేక వలలా చిట్లుతుంది. జపాన్‌లో దీన్ని ‘కన్న్యూ’ అంటారు. తక్కువ కుంచించుకుంటే నొక్కుడులో ఉండి వస్తువును మరింత గట్టి పరుస్తుంది. మందపాటి పూత చిట్లి, ముడుచుకుని బొబ్బల్లా గడ్డకడితే దాన్ని ‘కైరాగి’ అంటారు. సంప్రదాయ తేనీటి గిన్నెల అడుగున చిన్నగా కనిపించే ఈ గుణాన్ని 1981లో పుట్టిన కువాటా తకురో ముదురు రంగులతో, విపరీతమైన మోతాదులో శిల్పమంతా పరిచారు. 2018లో లోయెవే క్రాఫ్ట్ ప్రైజ్ తుది జాబితాలో ఆయనకు చోటు దక్కింది.

బంగారు నిష్పత్తి వెనుక పరుగు

ప్రకృతి, గణితం అనగానే ‘బంగారు నిష్పత్తి’ 1.618 ప్రస్తావన వస్తుంది. నాటిలస్ గవ్వ వంపు ఈ నిష్పత్తినే పాటిస్తుందని పదేపదే రాస్తుంటారు. కొలిస్తే అది నిలవదు. బంగారు సర్పిలం ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి 6.85 రెట్లు పెరగాలి. నాటిలస్ గవ్వ సుమారు 3 రెట్లే పెరుగుతుంది. గవ్వలోని అసలు గణితం వేరు. అందులోని జీవి తన ఆకారం మార్చుకోకుండా పెద్దదవుతుంది. గవ్వ మూతి వద్ద ఎప్పుడూ ఒకే నిష్పత్తిలో పదార్థం చేరుతుంది. అలా పెరిగేది ఏదైనా సంవర్గమాన సర్పిలమే అవుతుంది. నిష్పత్తి ఎంత అన్నది ఆ జీవిని బట్టి ఉంటుంది. 1917లో డార్సీ థాంప్సన్ తన ‘ఆన్ గ్రోత్ అండ్ ఫామ్’ గ్రంథంలో ఈ దృష్టిని విస్తరించి చెప్పారు: జీవి ఆకారాన్ని అది పెరిగిన తీరు నుంచి అర్థం చేసుకోవాలి.

సమీకరణం నుంచి నేరుగా శిల్పానికి వెళ్లే దారి కూడా ఒకటుంది. టోక్యో విశ్వవిద్యాలయంలో గణిత తలాలను చూపే పాత జర్మన్ ప్లాస్టర్ నమూనాలు ఉన్నాయి. ప్రముఖ ఛాయాచిత్రకారుడు సుగిమోతో హిరోషి వాటిని 2004లో ఫొటోలు తీశారు. తర్వాత అలాంటి తలాలను అల్యూమినియంలో యంత్రాలతో చెక్కించారు. సమీకరణం అడిగినంత కచ్చితత్వం అక్కడ దొరుకుతుంది. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ కుంచించుకోదు, కాస్త వ్యాకోచిస్తుంది కూడా. చెక్కిన అల్యూమినియం చెక్కినట్టే ఉంటుంది. మట్టికి ఆ సౌకర్యం లేదు. మట్టి శిల్పంలో గణితం చివరికి మిగిలిన ఆకారంలో ఒక్కచోటే ఉండదు, ఆ ఆకారానికి చేరిన దారంతటా ఉంటుంది.

హద్దులు ఎక్కడ?

పరిమాణం పెంచితే ఏమవుతుంది? మట్టిలోంచి నీరు బయటికి రావడానికైనా, వేడి లోపలికి చేరడానికైనా పట్టే సమయం మందపు వర్గాన్ని అనుసరిస్తుంది. మందం రెట్టింపైతే సమయం నాలుగింతలు, పదింతలైతే వందింతలు. లోపల తడి మిగిలి ఉండగానే వేడి పెంచితే ఆ నీరు ఆవిరై సుమారు 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, మట్టి బద్దలవుతుంది. అందుకే కుమ్మరులు ఎక్కడైనా గోడలు పలుచగా చేస్తారు, తొందరపడరు.

1977లో పుట్టిన నిషిదా జున్ ఈ హద్దును నేరుగా ఢీకొన్నారు. ‘జెత్సు’ అనే శ్రేణిలో పింగాణీ రూపాలను భారీ మోతాదు గ్లేజ్ పొడిలో పాతిపెట్టి, అంతటినీ ఒకే ముద్దగా కాల్చేవారు. చల్లారాక సుత్తి, ఉలి పట్టుకుని ఆ ముద్దను తవ్వి లోపల ఏం జరిగిందో బయటపెట్టేవారు. బయటి భాగం ఒకలా, లోతు భాగం మరోలా కరిగి ఉండేది. వేడి లోపలికి ఎంత దూరం, ఎలా ప్రయాణించిందో ఆ పొరలే చెప్పేవి. 2005లో ఇండోనేషియాలో బట్టీ వద్ద జరిగిన ప్రమాదంలో ఆయన 28వ ఏట మరణించారు. మంటతో చేసే పని ఎంత నేర్పుతో చేసినా అందులో ప్రమాదం ఉంటుందని ఈ రంగంలోని వారెవరూ మరచిపోలేని సంఘటన అది.

కంప్యూటర్‌లో ఏ వంపునైనా గీయడం, మట్టితో ముద్రించే త్రీడీ ప్రింటర్‌కు దాన్ని పంపడం ఇవాళ సాధ్యమే. అయితే ప్రింటర్ నుంచి వచ్చిన మట్టి కూడా ఆరాలి, కాలాలి, కుంచించుకోవాలి. ఏ భాగం ఎంత కుంగుతుందో ముందుగా లెక్కగట్టి, ఆ మేరకు రూపాన్ని వ్యతిరేక దిశలో వంచి చేయడం పింగాణీ పరిశ్రమలో అవసరమైన నేర్పు. పళ్లేల నుంచి ఇంజనీరింగ్ సెరామిక్ భాగాల వరకు అందరికీ ఉన్న సమస్యే ఇది. ఇంజనీరు ఆ మార్పును రద్దు చేయాలని చూస్తాడు. ఫుకామి దాన్ని అదుపులో పెట్టి కత్తిలాంటి అంచు రాబడతారు, నగాయె దానికి చోటిచ్చి వంపు పుట్టిస్తారు, అకియామా దాన్ని రెచ్చగొట్టి పగులు తెప్పిస్తారు.

కాబట్టి ఇలాంటి శిల్పం ఎదురైనప్పుడు ‘ఇది ఏ ఆకులా ఉంది, ఏ గవ్వలా ఉంది’ అని ఆగిపోనక్కర లేదు. అంచు ఎక్కడ మధ్యభాగం కంటే పొడవైంది, బరువు ఎటు లాగింది, ఏ వైపు ముందు ఆరింది, పూత ఎక్కడ చేరింది అని వెతకవచ్చు. జవాబులన్నీ ఆ ఉపరితలం మీదే ఉంటాయి. ఉపరితలం వక్రతను దాని మీదే కొలిచి తెలుసుకోవచ్చని గౌస్ చెప్పింది కూడా అదే.